జీపీవో దాకా నడిచిన అభిప్రాయం

మా రోజుల్లో కోపం వచ్చినవాడు ముందు చెప్పులు తొడుక్కునేవాడు. నల్లాలో నీళ్లు రాలేదన్న కోపమైనా, వారపత్రికలో వచ్చిన కథ మీద కోపమైనా, నలుగురికీ చెప్పాలంటే ఇల్లు కదలక తప్పేది కాదు. బడీచౌడీలో మెట్లు దిగి, సుల్తాన్ బజార్లో గాజుల దుకాణాల ముందు బేరాలాడే ఆడవాళ్లను తప్పించుకుంటూ, బ్యాంక్ స్ట్రీట్ మీదుగా అబిడ్స్ చేరేసరికి సగం కోపం చెమటలో పోయేది. మిగతా సగానికి వినేవాడు దొరకాలి. దొరక్కపోతే ఒక చాయ్ తాగి వెనక్కి రావడమే. ఆ విధంగా ఈ దేశం నా అభిప్రాయాలు ఎన్నింటినుంచి తప్పించుకుందో దేశానికి తెలియదు.

ఇప్పుడు మా మనవడికి కోపం వస్తే మంచం మీద అటు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరుగుతాడు. బొటనవేలు నాలుగుసార్లు ఆడిస్తాడు. డల్లాస్‌లో ఉన్న వాళ్ల మేనమామ ఫోను మోగుతుంది. వాళ్లమ్మ చాయ్ మరిగించేలోపల, పేరూ ముఖమూ తెలియనివాడెవడో వీడి ఏడు తరాలనూ తిట్టిపోస్తాడు. "ఏమైందిరా?" అంటే, "ఏం లేదు తాతా, మనసుల మాట రాసిన" అంటాడు. మనసులో మాట! మా మనసుల్లో మాట మా ఇంటావిడకే పెళ్లయిన పదేళ్లకు గానీ తెలియలేదు.

అందరూ మాట్లాడటం తప్పని నేననను. కోఠిలో పుట్టి పెరిగినవాడు ఆ మాటంటే చెల్లదు. హైదరాబాదులో తెలుగువాడు నోరు విప్పిందే ఈ చుట్టుపక్కల. నా సణుగుడంతా ఒకదాని గురించే. మాకు ఒక్కో మాటకు ఒక్కో చోటు ఉండేది. హోటల్లో అనేది హోటల్లో, సభలో అనేది సభలో, అచ్చుకెక్కేది అచ్చుకు. కింది మెట్టు మీద నిలబడలేని మాట పై మెట్టుకు పోయేది కాదు. ఇప్పుడు మెట్లు లేవు. ప్రతి మాటా పుట్టగానే నేరుగా మిద్దెక్కి అరుస్తోంది.

మొదటి మెట్టు హోటలు. అబిడ్స్‌లో ఓరియంట్ ఉండేది. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూర్చునే హోటలని దానికి పేరు. షాయర్లు, యూనియన్ల వాళ్లు, పత్రికల వాళ్లు, ఏ పనీ లేని మాబోటి వాళ్లు. ఒక్క చాయ్‌ని ఇద్దరం పంచుకుని, ఆ కప్పులో అడుగు ఎండిపోయేదాకా మాట్లాడేవాళ్లం. ఆ బల్లల దగ్గర నేను వాగిన వాగుడు ఎవరైనా రాసిపెట్టి ఉంటే నాకు ఈ ఊళ్లో పిల్లనిచ్చేవాళ్లు కారు. సోమవారం కమ్యూనిస్టుగా లేచిన మా మిత్రుడొకడు గురువారానికి స్వతంత్ర పార్టీలో తేలేవాడు. ఎవరూ నిలదీసేవాళ్లు కారు. ఇరవై ఏళ్ల కుర్రాడు వారానికో రకంగా ఆలోచించకపోతే ఇంకెప్పుడు ఆలోచిస్తాడు? బల్ల తుడిచే పిల్లవాడు చాయ్ మరకలతోపాటు మా సిద్ధాంతాలనూ తుడిచేసేవాడు. మరునాడు శుభ్రమైన బల్ల మీద మళ్లీ మొదలు.

ఆ తుడుపు ఇప్పుడు లేదు. మా మనవడి స్నేహితుడొకడు పదో తరగతిలో ఉన్నప్పుడు ఏదో సినిమా హీరో మీద కూసిన కూత ఉద్యోగానికి వెళ్లినప్పుడు బయటికి లాగారట. ఎవరో దాన్ని ఫొటో తీసి దాచారట. పదిహేనేళ్ల పిల్లవాడి వెర్రిమాటను భద్రపరిచే ఓపిక మనుషులకు ఉందని నాకు ఈ వయసులో తెలిసింది.

రెండో మెట్టు సభ. సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారింట్లో పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆ ప్రయత్నంలో ముఖ్యులు. రాజ్యమేమో నిజాముది, కచేరీ భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, బజారులో మరోటి. ఆ రోజుల్లో ఒక అల్మారా తెలుగు పుస్తకాలు పెట్టుకోవడమంటే అదే ఒక ప్రకటన. ఇంకో సంగతి చెప్పాలి. సుల్తాన్ బజార్, దాని చుట్టుపక్కల రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ రెసిడెంటు ఏలుబడిలో ఉండేవి. నిజాం కొత్వాలు మాట ఇక్కడ అంతగా చెల్లేది కాదు. ఏ మాట ఏ వీధిలో అనవచ్చో, ఏ వీధి దాటితే మూసుకోవాలో మా పెద్దవాళ్ల కాళ్లకు తెలుసు.

నేను ఆ నిలయానికి పోయేనాటికి అవన్నీ గడిచిపోయిన కథలు. పత్రిక ఒకటే, చదివేవాళ్లు పదిమంది; పేజీలు విడదీసి పంచుకునేవాళ్లం. సంపాదకీయం ఒకాయన చేతిలో, దాని తరువాయి ఇంకొకాయన చేతిలో. ఇద్దరూ కలిస్తే గానీ అభిప్రాయం పూర్తయ్యేది కాదు. సాయంత్రాలు ఉపన్యాసాలు. ఎవరైనా సరే లేచి మాట్లాడవచ్చు గాని, ఎదురుగా కూర్చునేవాళ్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. కోటు, గొడుగు, ముక్కుపొడుం డబ్బీ. మనం ఒక తేదీ చెప్పామనుకోండి, "అధ్యక్షా, ఒక్క నిమిషం" అని లేచేవాడు. ఆ ఒక్క నిమిషం అరగంట నడిచేది. ఉపన్యాసం ఒప్పుకున్న రోజునుంచీ నాకు ఆయనే కళ్లలో మెదిలేవాడు. ఆయన భయానికి చదివిన పుస్తకాలు పరీక్షల భయానికి కూడా చదవలేదు.

మూడో మెట్టు అచ్చు. అది ఎక్కడం మాటలు కాదు. తెల్ల కాగితం కొనాలి, ఒకవైపే రాయాలి, పక్కన మార్జిన్ విడవాలి, ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి, తిప్పి పంపడానికి స్టాంపులు జతచేయాలి. తిప్పి పంపే స్టాంపులు మనమే కొనివ్వడమన్న ఏర్పాటులో ఎంత వినయం ఉందో ఆలోచించండి! నీ రచన బాగుండకపోవచ్చునని నువ్వే ఒప్పుకుని డబ్బు కట్టడమన్నమాట. ఆ కవరు పట్టుకుని అబిడ్స్ జీపీవో దాకా నడక. ఇంటి దగ్గరి డబ్బాలో వేయొచ్చు గదా అనేది మా ఇంటావిడ. పెద్ద పోస్టాఫీసులో వేస్తే త్వరగా పోతుందని నా నమ్మకం. త్వరగా పోయేదేమో గాని త్వరగా వచ్చేది కాదు. వారాలు, నెలలు. వచ్చిన రోజున తపాలా ఆయన చేతిలో కవరు మందం చూస్తేనే తెలిసిపోయేది. లావుగా ఉంటే నాదే నాకు తిరిగొచ్చింది. పల్చటి కార్డు ముక్కైతే అచ్చు వేస్తున్నారు.

లేఖలకైతే అంత తతంగం లేదు. 15 పైసల కార్డు మీద ఇరికించి రాసి పారేయడమే. ఆ కార్డులో పట్టేంతే అభిప్రాయం. పట్టకపోతే విశేషణాలు తీసేసేవాళ్లం. తీసేశాక చూస్తే మిగిలిందే అసలు సంగతి అయ్యేది. అందులోనూ సబ్ ఎడిటరు మళ్లీ సగం కోసేవాడు. తిట్టుకునేవాళ్లం గాని, అచ్చులో చూసుకుంటే మనం రాసినదానికంటే తెలివిగా కనిపించేది.

ఈ గల్లీల్లో అప్పుడు చిన్న చిన్న ట్రెడిల్ ప్రెస్సులు ఉండేవి. పెళ్లి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, సంఘాల కరపత్రాలు. మేం కొందరం కలిసి ఒక కరపత్రం వేయించబోతే కంపోజిటరు చేతిలో స్టిక్ పట్టుకుని అక్షరం అక్షరం ఏరుతూ మధ్యలో ఆగిపోయాడు. వత్తులు అయిపోయాయేమో అనుకున్నాను. తెలుగు కంపోజింగులో వత్తులకు ఎప్పుడూ కరువే. "అది కాదు సార్, ఈ లైను ఉంచుతరా? మీరు సర్కారు నౌకరు గదా" అన్నాడు. తీసేయించాను. 1964 నాటి ప్రవర్తనా నియమావళి నాకంటే ఆయనకు బాగా వంటబట్టింది. ప్రభుత్వ ఉద్యోగి సర్కారును బహిరంగంగా విమర్శించకూడదు. అందుకే మాలో చాలామందికి కలం పేర్లు. ఆ రోజుల్లో ఆడవాళ్ల నవలలకు గిరాకీ ఎక్కువ కనుక, భార్య పేరుతో రాసిన మగవాళ్లూ తక్కువేం లేరు. ఇవాళ అమ్మాయి బొమ్మ పెట్టుకుని రాసే అబ్బాయిలను చూసి మా వయసువాళ్లు ముక్కు మీద వేలేసుకుంటారు గాని, ఆ విద్యకు గురువులం మేమే.

ఇక అసలు కథకు వస్తాను. మా మనవడు దీన్ని మూడుసార్లు తప్పించుకుపోయాడు కాబట్టి మీకు చెబుతున్నాను.

1921 నవంబరులో ఇక్కడే వివేకవర్ధిని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు మహర్షి ధొండో కేశవ కార్వే. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు, అందరూ విన్నారు. ఆలంపల్లి వేంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టాడు. అంతే, చప్పట్లు, ఈలలు, గోల. మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో దాదాపు సగం జనం మాట్లాడే భాషకు ఆ హాల్లో దక్కిన మర్యాద అది.

ఇదే ఇవాళ జరిగితే? ఆ ఈలల వీడియో గంటలోపల ఊరంతా తిరుగుతుంది. మరాఠీవాళ్ల మీద తెలుగువాళ్లు, తెలుగువాళ్ల మీద మరాఠీవాళ్లు, మధ్యలో ఏ సంబంధం లేని వాళ్లెవరో ఇద్దరి మీదా. మూడోనాటికి ఇంకో గొడవ వస్తుంది, దీన్ని అందరూ మరిచిపోతారు.

అప్పుడు జరిగింది ఇది. అవమానపడ్డ తెలుగువాళ్లు బయటికి వచ్చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో పదిమందికి కాస్త అటూ ఇటూగా కూర్చున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు వాళ్లలో ఉన్నారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ తర్వాత ఊరూరా గ్రంథాలయాలు పెట్టారు. సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్న గస్తీ 53 నెత్తిన కూర్చుని ఉన్నా, అర్జీలు పెట్టి, షరతులు మింగి, సభలు నడిపారు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలి సమావేశానికి సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. ఒక హాల్లో వేసిన ఈలకు జవాబు తొమ్మిదేళ్లు నడిచి జోగిపేట చేరింది. ఎవరికీ తొందర లేదు. తొందర లేకపోవడం చల్లదనం కాదు. ఎంత గట్టి కోపమైతే అన్నాళ్లు నిలుస్తుంది!

ఆ ప్రతాపరెడ్డి గారే 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, వారానికి రెండుసార్లు. మా నాయన పాత సంచికలు బియ్యం డబ్బా మీద దొంతరగా పెట్టి, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. కొన్నాళ్లకు ఎవరో పెద్దమనిషి తెలంగాణలో కవులు లేరన్నాడు. మన పిల్లల చేతిలో పడాల్సిన మాట అది. తెల్లారేసరికి ఆయన్ను చీల్చి చెండాడేవాళ్లు. ప్రతాపరెడ్డి గారు ఏం చేశారు? ఊళ్లకు కబురంపారు. గడీల పక్కన, గుళ్ల వెనక, మారుమూల అగ్రహారాల్లో పద్యాలు రాసుకుని తాటాకుల మధ్య దాచుకున్నవాళ్లను వెతికించారు. బస్సు పోని ఊళ్లెన్నో, తపాలా వారానికోసారి ముట్టే ఊళ్లెన్నో. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. 354 మంది కవులు. అన్నవాడి పేరు ఇవాళ ఎవరికీ అక్కర్లేదు. సంచిక ఉంది.

"అది చదివినవాళ్లు ఎంతమంది తాతా? నేను పెట్టేది వెయ్యిమంది చూస్తరు" అంటాడు మావాడు. చూస్తారు, నిజమే. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషను కిందనుంచి రోజూ ఎన్ని వేలమంది పోతారో, అందరూ ఆ స్తంభాలను చూస్తారు.

ఇంత చెప్పి ఒక సంగతి దాచిపెడితే బాగుండదు. ఆ మెట్లకు కాపలాదారులు ఉండేవాళ్లు. వాళ్లు అందరినీ ఎక్కనిచ్చారా? లేదు. మా అమ్మ మాట్లాడిన తెలుగు, మా వీధిలో అందరూ మాట్లాడిన తెలుగు, అచ్చుకు పోతే "భాష సరిచేయాలి" అని తిరిగొచ్చేది. సినిమాలో అయితే ఆ యాస హాస్యగాడికి, రౌడీకి. కవి కాళోజీ జీవితమంతా ఆ సంగతి మీద కొట్లాడారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. అది కాగితం మీది గౌరవం. ఇంట్లో మాట్లాడినట్టే రాసే ధైర్యం మాత్రం ఈ పోరగాళ్లకు ఫోనే ఇచ్చింది. నాకంతగా నచ్చని సంగతే, అయినా నిజం. మా మనవడు "వస్త, పోత, చూస్త" అని రాస్తాడు, ఏ సబ్ ఎడిటరూ దాన్ని "వస్తాను" చేయడు. ఇంగ్లీషు మీటల మీద కొడితే తెలుగు అక్షరాలు పడే లేఖిని లాంటివి వచ్చిన కొత్తలో మా తరం వాళ్లు నవ్వారు, తెలుగును ఇంగ్లీషులో రాయడమేమిటని. నవ్వినవాళ్లే ఇప్పుడు పొద్దున్నే గులాబీ పువ్వులు పంపుతున్నారు. అమెరికాలో ఉన్నవాళ్లు 1998లో మొదలుపెట్టిన ఈమాట పత్రిక కాగితం ముట్టకుండానే ఇన్నేళ్లుగా నడుస్తోంది. రచనలను పరిశీలకులకు పంపి, వాళ్ల మాట విన్నాకే వేస్తారక్కడ. అంటే మెట్లు కావాలనుకుంటే తెర మీద కూడా కట్టుకోవచ్చు.

భయం సంగతి కూడా ఒకటుంది. రాస్తే ఏమవుతుందో మాకు తెలిసిన తెలివి వీళ్లకు లేదని అనబోయాను. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉర్దూలో, నిజాం పక్షపు రజాకార్లకు ఎదురు రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి కాచిగూడ దగ్గర ఆయన్ను నరికారు. రాసే చెయ్యి కూడా నరికారు. మా ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. మా నాయన ఆ వీధిలోంచి పోయినప్పుడల్లా టోపీ తీసి చేత్తో పట్టుకునేవాడు. వీళ్లకూ భయాలు లేకపోలేదు. ఫోన్లో రాసిన మాటకు అరెస్టు చేయించిన ఐటీ చట్టం 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిందాకా ఎంతమంది కుర్రవాళ్లు ఠాణాల చుట్టూ తిరిగారో. కాబట్టి ధైర్యం మాదే, పిరికితనం వీళ్లదే అని నేను అనను. తేడా అంతా మాటకు ముందు గడిపే కాలంలో ఉంది.

ఈ మధ్య ఒక పుస్తకావిష్కరణకు పోయాను. హాలు బొగ్గులకుంట దగ్గర. వేదిక మీద కూర్చున్నవాళ్లు కింద కూర్చున్నవాళ్లకంటే కొద్దిగా తక్కువ. పుస్తకం విప్పగానే అందరూ దాన్ని గుండెల మీద పెట్టుకుని ఫొటో దిగారు. మొదటి వక్త ఇంకా సభకు నమస్కారం పెడుతుండగానే ఆ ఫొటోలకు అభినందనలు వచ్చేశాయి. నా పక్కనున్న కుర్రవాడు "అద్భుతమైన పుస్తకం" అని రాసి పంపాడు, పుస్తకం ఇంకా కాగితపు చుట్టలోనే ఉంది. సభ అయ్యాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. రచయిత నిజంగానే ఎదురుచూశాడు పాపం. ఇంతమంది మెచ్చుకున్నవాడిని ఒక్కడు కాదని ఉంటే ఆ రాత్రి అతనికి నిద్ర పట్టకపోయేది. మరునాడు ఇంకో పుస్తకానికి కూర్చునేవాడు.

అందుకే ఆదివారాలు నేను అబిడ్స్ ఫుట్‌పాత్‌కే పోతాను. దుకాణాలు మూసి ఉంటాయి, మెట్ల మీద పాత పుస్తకాలు. భారతి పత్రిక బైండు చేసిన సంపుటాలు దొరికితే లోపల ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు కనిపిస్తాయి. ఒక వ్యాసం పక్కన "పచ్చి అబద్ధం" అని రాసి ఉంది. దాని కింద ఇంకో చేతిరాతలో "ఎట్లా? ఆధారం?" అని. ఇద్దరూ ఎవరో, ఎప్పుడు రాశారో. ఆ పత్రిక 1991లోనే ఆగిపోయింది. వాళ్ల వాదన మాత్రం తెగలేదు. బేరమాడకుండా కొన్నాను. అబిడ్స్‌లో బేరమాడకుండా కొన్నానంటే నా మనసు ఎంత కరిగిందో మీరే అర్థం చేసుకోవాలి.

మొన్న మా మనవడు సూటిగానే అడిగాడు. "సరే తాతా, నాకు చెప్పబుద్ధి అయితుంది. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేటోళ్లను లేపేస్తున్నరు, తప్పు గదా. గదేడ చెప్పాలె మరి?" మొదటిసారి వాడి ప్రశ్నలో నాకు తప్పు కనిపించలేదు. ముందు పోయి వాళ్లతో కూర్చోమన్నాను, ఎంత అమ్ముతారు, ఎవరికి ఎంత ఇచ్చుకుంటారు, దుకాణం వాళ్లు ఏమంటారు, నడిచేవాళ్లు ఏమంటారు. తర్వాత భాషానిలయం వాళ్లను అడిగి ఒక సాయంత్రం అరగంట మాట్లాడమన్నాను. "గాడికి ఎవరొస్తరు తాతా?" అన్నాడు. ఎనిమిదిమంది వస్తారు. వాళ్లలో ఇద్దరు ఫ్యాను కోసం వస్తారు. ముక్కుపొడుం పెద్దాయన ఎప్పుడో పోయాడు గాని ఆ కుర్చీ ఖాళీగా లేదు. ఈ మధ్య అందులో నేను కూర్చుంటున్నాను. వాడు ఏ తేదీ తప్పు చెప్పినా "అధ్యక్షా, ఒక్క నిమిషం" అని లేస్తాను, మనవడని చూడను. నాకు జవాబు చెప్పి కూర్చోబెట్టగలిగితే, ఆ తర్వాత ఫోన్లో పెట్టుకుంటాడో, డల్లాస్ పంపుకుంటాడో వాడిష్టం.

తేదీ ఇంకా ఖాయం చేయలేదు. పరీక్షలంటున్నాడు.